ఏడో కర్ర

నీళ్ళు వెనక్కి పోయిన ఒడ్డు మీద ఒక ముసలాయన వంగి కర్ర పీకుతున్నాడు.

అది ఏడో కర్ర.

బూజు మేడం అది దూరం నుంచే చూసింది.

“ఏయ్! ఆగండి!” అని కేకలు పెడుతూ బురదలో పరుగెత్తింది. ఒక బూటు బురద లాగేసుకుంది. ఒంటి బూటుతోనే పరుగెత్తింది.

బూజు మేడం అనే పేరు ఆమెకి ఒడ్డున ఉన్నవాళ్ళు పెట్టారు. నెలకోసారి వస్తుంది. పన్నెండు కర్రల దగ్గర పన్నెండు గొట్టాలు గుచ్చి బురద తీసుకుపోతుంది. అందులో ఏయే బూజులు కలిసి కాపురం చేస్తున్నాయో చూస్తుంది. మూడేళ్ళుగా ఇదే పని. ‘ఇంట్లో బూజు దులపవు గానీ సముద్రంలో బూజు వెతుకుతావా’ అని వాళ్ళమ్మ దెప్పుతూనే ఉంటుంది.

ఇంకొక్క నెల బురద తీస్తే పని పూర్తి. కానీ అదే చోట తియ్యాలి. రెండడుగులు అటైతే అక్కడ ఇంకో కాపురం. ఫోను మ్యాపులో చూపించే గుర్తు నాలుగడుగులు తేడా కొడుతుంది. చోటు తప్పిందా, మూడేళ్ళ లెక్క మొత్తం నీళ్ళపాలే.

అందుకే కర్రలు. ఏడో కర్రకి ఏడు గాట్లు, ఎనిమిదో కర్రకి ఎనిమిది. ఎన్ని ఆటుపోట్లు వచ్చినా ఆమె వచ్చేసరికి పన్నెండూ నిటారుగా నిలబడి ఉండేవి.

“నేను పాతితే అంతే మరి” అని తోటివాళ్ళ దగ్గర గొప్పలు పోయేది.

ముసలాయన కర్ర మీది గాట్లు బొటనవేలితో నిమురుతున్నాడు.

“ఎందుకు పీకుతున్నారండీ?”

“పీకడం లేదు తల్లీ. పడుకుంది. లేపి నిలబెడుతున్నా.”

“నేను పాతిన కర్ర పడుకోవడమా! ముట్టుకోవద్దని బోర్డు పెట్టాం, కనబడలేదా?”

“ఎక్కడుంది తల్లీ?”

“మీ మొహం ముందే!”

ఆయన నవ్వాడు. ఆమె వైపు తిరగనైనా లేదు. మబ్బులతో మాట్లాడుతున్నట్టు మొహం పైకెత్తాడు. మనిషి మొహం చూసి మాట్లాడటం కూడా రాదు, ఎంత పొగరో అనుకుంది ఆమె.

“దీని చోటు ఇదేలే తల్లీ. చంటిపిల్ల నెత్తి వాసన రావడం లేదూ? ఐదోది చల్లారిన పొయ్యి. మూడోది తడిసిన పుస్తకం. పన్నెండోదైతే అచ్చంగా పాత గొడుగు.”

“మీకేమైనా మతి పోయిందా?”

“ఎప్పుడో పోయింది. ముక్కు మాత్రం బాగానే ఉంది.”

మిగతా వాసనలు కూడా వరసగా చెప్పుకుంటూ పోయాడు, ఎవరికో జోల పాడుతున్నట్టు. ఆమె వినకూడదనుకుంటూనే విన్నది.

తిరిగి వెళ్తూ, ఒడ్డుకి దిగే దారిలో ఉన్న గేటు దగ్గర వాచ్‌మన్‌ని పట్టుకుంది.

“బాబాయ్, ఆ ముసలాయన్ని మళ్ళీ ఒడ్డు మీదికి రానివ్వకు.”

“ఆయన ఎవరి జోలికీ పోడు మేడం...”

“నా పని జోలికి వచ్చాడుగా! రానిచ్చావంటే పైవాళ్ళకి రాసి పెడతాను.”

వాచ్‌మన్ తల గోక్కున్నాడు. ఉద్యోగం మరి.

మరుసటి నెల వచ్చేసరికి ఒడ్డు అద్దంలా నున్నగా ఉంది.

ఒక్క కర్ర లేదు.

“చూశావా బాబాయ్, పగబట్టాడు! అన్నీ పీకి పారేశాడు!”

“ఆయన గేటు దాటి నెలయింది మేడం. పోటు వస్తే కర్రలు పడకుండా ఉంటాయా? రోజూ పడేవి. రోజూ పొద్దున్నే ఆయనే నిలబెట్టేవాడు.”

ఆమె ఖాళీ ఒడ్డు వైపు తిరిగింది.

“మరి... ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?”

“చెప్పొద్దన్నాడు. గట్టిగా పాతానని ఆ పిల్ల సంబరపడుతోంది, పోనీలేరా అన్నాడు.”

ఆమె బురదలోనే చతికిలబడింది. మూడేళ్ళు. చివరి నెల. ఏ చోటని వెతుకుతుంది?

పొగమంచు మెల్లగా దిగింది. ఆకాశం ఏదో నీళ్ళేవో తెలియలేదు. గాలి ఒకసారి ఇటు తిరిగి, ఆమె ముక్కు దగ్గర ఆగింది.

తడిసిన పుస్తకం.

ఆమె బూట్లు విప్పేసింది. కళ్ళు మూసుకుంది. బురద గోరువెచ్చగా పాదాలు పట్టుకుని నడిపిస్తున్నట్టుంది. చల్లారిన పొయ్యి దగ్గర ఒక గొట్టం గుచ్చింది. ఇంకాస్త నడిస్తే తుప్పు, ఆ పక్కన కోసిన పుచ్చకాయ. ముసలాయన జోల చెవిలో వినిపిస్తూనే ఉంది. వంగి నేలకి ముక్కు ఆనించి వెతికి వెతికి, చంటిపిల్ల నెత్తి దగ్గర చాలాసేపు అలాగే ఉండిపోయింది. చిట్టచివర పాత గొడుగు వచ్చింది.

పన్నెండు గొట్టాలూ నిండాయి.

గాజుపళ్ళాల్లో బూజులు మొలవడానికి మూడు వారాలు పట్టింది. పాత పళ్ళాల పక్కన పెట్టి చూసింది. అవే కాపురాలు. ఒక్కటీ తప్పలేదు.

తను మూడేళ్ళు చదివి కనుక్కున్నది ఆయన ముక్కుతో చెప్పేశాడు. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

పన్నెండు బూజులకీ పెద్ద పెద్ద ఫోటోలు తీయించింది. ఏడోది తెల్లగా, పసిపిల్ల జుట్టులా మెత్తగా వచ్చింది. అన్నీ కాగితంలో చుట్టి ఒడ్డుకి తెచ్చింది.

“బాబాయ్, ఆ పెద్దాయన ఇల్లెక్కడ?”

“గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు మేడం. బురద తొక్కనివ్వని చోట నాకేం పని అన్నాడు. ఎటు వెళ్ళాడో ఎవరికీ చెప్పలేదు.”

“అయ్యో! ఈ ఫోటోలు చూపిద్దామని తెచ్చానే. తను కాపాడినవి కళ్ళారా చూసుకుంటాడని...”

వాచ్‌మన్ ఏడో ఫోటో అందుకుని, కాసేపు చూసి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు.

“ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు కదా మేడం, మీకు తెలుసనుకున్నా.”