ఎర్రమేడ కాలేజీ సీనియరు

"ఈ పేరు మీదేనా?" గుమ్మం మీది బోర్డు చూపిస్తూ అడిగాడు రవికుమార్.

'ప్రిన్సిపాల్: జి. యేసుపాదం, బి.ఏ., ఎర్రమేడ కాలేజీ' అని ఉంది బోర్డు మీద. స్కూలు పేరు కంటే కాలేజీ పేరే పెద్ద అక్షరాల్లో ఉంది.

"నాదేనండి," అన్నాడు యేసుపాదం.

"అలాగా. నేనూ అక్కడే చదివాను. డెబ్భై తొమ్మిది బ్యాచ్."

యేసుపాదం ఎర్రమేడ కాలేజీలో ఒక్కరోజు కూడా చదవలేదు. డిగ్రీ ఇంట్లో కూర్చుని ప్రైవేటుగా కట్టి పాసయ్యాడు. ఆ సంగతే బోర్డు మీద రాస్తే పెదబయలు లాంటి కొండ ఊళ్లో ఇంగ్లీషు మీడియం స్కూలుకి పిల్లల్ని ఎవరు పంపుతారు? ఎర్రమేడ అంటే మాటలా? నూరేళ్లు దాటిన యూనివర్సిటీ కాలేజీ. జడ్జీలు, కలెక్టర్లు, మంత్రులు ఆ మెట్లెక్కి వచ్చినవాళ్లేనని కొండ మీద అక్షరం ముక్క రానివాళ్లకి కూడా తెలుసు.

రవికుమార్ స్కూలు తనిఖీకి వచ్చిన ఆఫీసరు. ఆయన సంతకం పెడితే స్కూలుకి గుర్తింపు వస్తుంది. పెట్టకపోతే ఏడో తరగతిలో ఉన్న పదకొండు మంది పిల్లలూ ఈ ఏడు పబ్లిక్ పరీక్షకి కూర్చోలేరు. బోర్డు మీద ఒకటి, లోపల ఒకటి ఉంటే ఆయన ఊరుకోడని, కిందటి నెలలోనే ఎక్కడో ఒక స్కూలు మూయించాడని కూడా యేసుపాదం విని ఉన్నాడు.

గదిలో ఒక పక్కగా కనక కూర్చుని ఉంది. ఏడో తరగతి పిల్ల తల్లి. ఆఫీసరుతో నాలుగు మంచి ముక్కలు చెబుదామని కాఫీ తోట పని మానుకుని మరీ వచ్చింది.

"ఆ కాలేజీ పేరు సూసే మా గుంటని ఇక్కడేసినాం బాబూ," అంది. "ఈ పరీచ్చ అయితే మా ఇంట్లో ఏడు సదివింది అదొక్కతే. తమరూ అక్కడే సదివినారా? అయితే మా మేస్టారికి తమ్ముడే అవుతారు. ఇద్దరూ కూకుని మాటాడుకోండి."

ఆ చివరి ముక్క చెప్పకపోతే ఎంత బాగుండేదో అనుకున్నాడు యేసుపాదం.

రవికుమార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫైలు పక్కన పెట్టి జేబులోంచి చిన్న డైరీ తీశాడు.

"వయసు చూస్తే మీరు నాకు సీనియరు. మీ రోజుల్లో హాస్టలు ఎలా ఉండేది మేస్టారూ?"

యేసుపాదానికి తెలిసిన హాస్టలు ఒక్కటే. చిన్నప్పుడు తను పెరిగిన మిషన్ హాస్టలు. దాన్నే పట్టుకున్నాడు.

"పొద్దున్న అయిదింటికి గంట కొట్టేవారండి. శనివారం గంజీ, ఉల్లిపాయా. భోజనానికి ముందు అందరం లేచి నిలబడి ప్రార్థన..."

నాలుక కరుచుకున్నాడు. యూనివర్సిటీ కాలేజీలో ప్రార్థనేమిటి?

"ప్రార్థన," అంటూ రాసుకున్నాడు రవికుమార్. "ఎవరు చేయించేవారు?"

"వార్డెన్ గారండి. వరహాలరావు గారు."

"మనిషి ఎలా ఉండేవారు?"

"పొట్టిగా ఉండేవారు. గంటకి లేవకపోతే చెవి పట్టుకుని లేపేవారు."

డిగ్రీ చదివే మీసాలవాళ్లని చెవి పట్టుకుని లేపడం ఏమిటో యేసుపాదానికే అర్థం కాలేదు. రవికుమార్ మాత్రం నవ్వలేదు. పోలీసు స్టేషన్లో వాంగ్మూలం తీసుకున్నట్టు ప్రతి ముక్కా రాసుకుంటున్నాడు.

"కాలేజీకి పేరు తెచ్చినవాళ్లలో మీ బ్యాచ్ వాళ్లెవరు?"

"జడ్జి గణపతిరావు అండి. నా రూమ్మేటే."

"ఇంటిపేరు?"

"ఇంటిపేరు చెప్పుకునే మనిషి కాదండి."

"సూసినారా బాబూ," అంది కనక గర్వంగా. "జడ్జీలు కూడా మా మేస్టారి గదిలోనే తొంగున్నారు."

ఇక లాభం లేదనుకున్నాడు యేసుపాదం. పక్క గదిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఈ ఆఫీసరు తన నోటితోనే తన గొయ్యి తవ్విస్తున్నాడు. ఆయన పట్టుకునేలోగా తనే ఒప్పుకుంటే తనని ఏం చేసినా పిల్లల్ని పరీక్షకి రానిస్తాడేమో.

"సార్, తమరితో ఒక మాట చెప్పాలి..."

"తర్వాత చెబుదురు గాని. ఫైలు ఇలా ఇవ్వండి," అన్నాడు రవికుమార్. చకచకా మూడుచోట్ల సంతకం పెట్టి, ముద్ర వేసి, లేచాడు.

యేసుపాదానికి ప్రాణం లేచొచ్చింది. కనక చేతులెత్తి దండం పెట్టి, ఈ కబురు బేగి ఊళ్లో చెప్పాలని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. రవికుమార్ ఎక్కిన జీపు కదిలింది. గేటు దాకా వెళ్లి ఆగింది.

రవికుమార్ ఒక్కడే దిగి వెనక్కి వస్తున్నాడు. డ్రైవరుని అక్కడే ఉండమని సైగ చేశాడు. గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. చేతిలో డైరీ ఉంది.

అయిపోయిందనుకున్నాడు యేసుపాదం. సంతకాలు పెట్టిన ఫైలుని రెండు చేతులతో గుండెకి అదుముకున్నాడు.

"మేస్టారూ," గొంతు బాగా తగ్గించాడు రవికుమార్. "వచ్చే ఆదివారం పాడేరులో మన కాలేజీ పాత విద్యార్థుల సభ. ఆ రోజుల గురించి నన్ను అరగంట మాట్లాడమన్నారు. మీరు చెప్పింది పది నిమిషాలకే సరిపోతుంది. ఇంకాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. నేను ఆ కాలేజీ గేటు కూడా చూడలేదు."