నీటిచారకు కింద

భర్త బండి చప్పుడు వినబడేలోగా పని అయిపోవాలి. శిరీష బియ్యం డ్రమ్ము జరిపి, గోడలో ఇటుక చుట్టూ ఉలితో గబగబా తొలుస్తోంది.

వరసగా రెండు పంటల రొయ్య చచ్చిపోయింది. మళ్లీ చెరువులో రొయ్యపిల్ల వేయడానికి ఆమె గొలుసు తాకట్టు పెడతానని పొద్దున్నే చెప్పి వెళ్లాడు.

కొల్లేరు పొంగినప్పుడు గోడకు పడ్డ నీటిచారకు పైనే ఈ ఊళ్లో ఎవరైనా విలువైనవి దాస్తారు. అతను వెతికేదీ అక్కడే. అందుకే ఆమె చారకు కింద తొలుస్తోంది.

ఇటుక ఊడింది. వెనక అప్పటికే ఖాళీ ఉంది. అందులో చిన్న మూట. విప్పితే కాసులపేరు! వరదలో కొట్టుకుపోయిందని అత్తగారు ఇప్పటికీ కళ్లొత్తుకునే కాసులపేరు.

"ఏంటమ్మా అది?"

గుమ్మంలో అత్తగారు గంగమ్మ. వాకిట్లో బండి ఆగింది.

గంగమ్మ అటు తిరిగి గొంతు పెంచింది. "అబ్బాయ్, కాళ్లు కడుక్కుని అరుగు మీదే కూర్చోరా. కాఫీ తెస్తాను."

మూటను మళ్లీ లోపలికి తోసి, కోడలి చెవి దగ్గర వంగింది.

"ఇది నాది. మీ మావయ్యగారికి పోయేదాకా తెలీదు. నువ్వు పక్క ఇటుక తియ్యమ్మా. కాపరానికొచ్చిన ఏడే నీకోసం వదులు చేసి ఉంచాను."