ఏడో రూలు

మదనపల్లె ఇంటర్నెట్ సెంటర్లో మెర్సీ కుర్చీలోంచి గెంతినంత పని చేసింది. తెలుగు అచ్చుతప్పులు పట్టే ప్రోగ్రాము ఒకటుంది, ఎవరైనా చేయివేసి ఉచితంగా బాగుచేయొచ్చు. దానికి తను పంపిన సవరణను కుప్పం నుంచి ఎవరో తిప్పి పంపారు.

"ఏడో రూలు చదువుకోండి. పరీక్షించని కోడు చేర్చకూడదు," అని జవాబు.

మెర్సీ దాన్ని రెండు కాపీలు ప్రింటు తీయించింది. పక్క బేకరీ నుంచి కేకు తెచ్చి సెంటరు నడిపే మునికృష్ణ చేతిలో పెట్టింది.

"వద్దని తిప్పి పంపితే కేకు పంచుతాండావేందమ్మా?" అన్నాడాయన.

"ఆ ప్రోగ్రాము మొదలుపెట్టి రూల్సు రాసింది నేనేనప్పా. ఒకరు రాసిన కోడు ఇంకొకరు చూసినాకనే చేర్చాలని మొదటి రూలు. మూడేండ్లుగా నేను రాసినవన్నీ అట్లే ఆగిపోయి ఉండాయి."

"చూసేవాళ్లకు తీరిక లేదా?"

"చూసేవాళ్లే లేరప్పా. ఆ ప్రోగ్రాము చూసుకునే గ్రూపులో నేనొక్కదాన్నే. ఈ పొద్దుతో ఇద్దరమైనాం."