ఒక్క ఆమేన్ తక్కువ

“అందరూ ఆమేన్ అన్నారు. ఆవిడొక్కతే అనలేదు,” అన్నాడు కొత్త పాస్టరు. ఆదివారం ఆరాధన అప్పుడే ముగిసింది.

సంఘపెద్ద కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నాడు. “ఇస్త్రీ అమ్మ సంగతేనా అయ్యగారూ? ఆమెను వదిలెయ్యండి. ఆమె కథ వేరు. వాళ్లబ్బాయి...”

“ఆ కథేదో ఆమెనే అడుగుతాలెండి,” అని పాస్టరు మధ్యలోనే తుంచేశాడు. ఒకరి సంగతి ఇంకొకరి నోట వినకూడదని ఆయన నియమం. నియమం మంచిదే, వయసే చిన్నది.

వచ్చి నెల కాకముందే ఆయన గోడకు ఒక గుడ్డపటం తగిలించాడు. రంగులన్నీ తనే వేశాడు. ఒక చివర లోకాంతాన మోగే కడబూర, మధ్యలో తెరుచుకున్న సమాధుల్లోంచి లేచి వస్తున్న జనం, ఆపైన రెండు దారులు. నమ్మినవాళ్లు మేఘాల్లోకి, కాదన్నవాళ్లు అగ్నిగుండంలోకి. మంటలకు ఎర్రరంగు చాలక రెండో డబ్బా కొనాల్సి వచ్చింది. ప్రతి ఆదివారం చివర్లో సంఘమంతా లేచి “ప్రభువా, త్వరగా రమ్ము” అని వేడుకోవాలి. అందరూ ఏకమనసుతో అడిగితే ఆయన ఇక ఆలస్యం చెయ్యడని పాస్టరు గట్టి నమ్మకం. ఇస్త్రీ అమ్మ మాత్రం లేవదు. పెదవులు బిగించి ఆ పటాన్నే చూస్తూ కూర్చుంటుంది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆమె పనిచేసే చోటికి వెళ్లాడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద గది అది. ఆవిరికి ఎదుటి మనిషి మొహం కూడా సరిగా కనపడదు. ఆమె దుప్పటి మీద నీళ్లు చిలకరించి, పెట్టె నడిపి, నాలుగు మడతలు వేసి పక్కన పెడుతోంది. ఆయన్ను చూసి స్టూలు ముందుకు జరిపింది కానీ పని ఆపలేదు.

“అమ్మా, ప్రభువు రావడం మీకు ఇష్టం లేదా?”

“లేదయ్యగారూ.”

ఏదో సాకు చెబుతుందనుకున్న ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. “అందరూ ఎదురుచూస్తుంటే మీరొక్కరే అడ్డం పడితే ఎలాగమ్మా? మీ మూలంగా ప్రభువు రాకడ ఆగిపోతే?”

ఇస్త్రీపెట్టె ఆగింది. “నా ఒక్కదాని వల్ల ఆగుతుందా?”

ఆమె గొంతులో ఆశ ఆయనకు స్పష్టంగా వినపడింది. “ఎందుకమ్మా అలా?” అన్నాడు మెల్లిగా.

“మా వాడు నమ్మలేదయ్యగారూ. బాప్తిస్మం తీసుకోరా అంటే నవ్వాడు. దేవుడూ లేడు, గీవుడూ లేడు, నన్ను విసిగించకన్నాడు. నాకు కోపం వచ్చి, నిన్ను నిప్పుల్లో వేస్తాడురా అన్నాను. కన్నతల్లి అనాల్సిన మాటేనా అది?” ఆమె కళ్లలో తడి లేదు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన మనిషి. “ప్రభువు వచ్చిన రోజున నేను పైకి, వాడు మీరు వేసిన ఆ ఎర్రరంగులోకి. మేఘాల్లో కూర్చుని నేనది చూడాలా? ఆ పరలోకం నాకొద్దు. ఇవాళ్టికి ఆయన రాలేదు కదా అనుకుంటేనే నాకు ముద్ద దిగుతుంది.”

పాస్టరు మనసు కరిగింది. ఇంతేనా, కొడుక్కి కాస్త గడువు కావాలని తల్లి ఆరాటపడుతోంది. అది తన చేతిలో పనే. ఎన్ని మొండిఘటాలను దారికి తేలేదు!

“అబ్బాయి ఈ ఊళ్లోనేనా?”

“ఇక్కడే.”

“వచ్చే ఆదివారం తీసుకురండి.”

“రాడు.”

“నేనే వచ్చి పిలుస్తాను.”

“ఎవరు పిలిచినా రాడు. మీరు రమ్మని వేడుకుంటున్నారే, ఆయన పిలిస్తే తప్ప.”

“నేననేదీ అదేనమ్మా. ఆయన పిలిస్తే రానివాడు ఎవడు?” పాస్టరుకు హుషారు వచ్చింది. “మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నేనూ తక్కువ మొండివాణ్ని కాను. ఊపిరి ఉన్నంతవరకూ ఎవరికైనా తలుపు తెరిచే ఉంటుంది.”

ఆమె దుప్పటి అంచును గట్టిగా పట్టుకుంది. “ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఇక లేదమ్మా. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అందుకే నా తొందర.”

“కొంచెం కూడా ఉండదా అయ్యగారూ? తల్లి అడిగితే?”

“తల్లి అడిగినా అంతే.” ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. ఇంకా మారుమనసు పొందనివాళ్ల వివరాలు అందులో రాసుకుంటాడు. “ఇవాళే వెళ్లి కలుస్తాను. వయసెంత?”

“ఇరవై రెండు.”

రాసుకున్నాడు. “ఎక్కడుంటాడో చెప్పండి.”

“సమాధుల తోటలో, మూడో వరస,” అంది ఇస్త్రీ అమ్మ.