కొలిచి చేయించిన ర్యాంపు

దుర్గాసాయి ఈసారి దొంగతనం పద్ధతిగా చెయ్యాలనుకున్నాడు. కిందటిసారి బుల్లెట్ బండిని చెక్క మీదుగా వేన్‌లోకి ఎక్కించబోతే చెక్క ఫెళ్ళున విరిగి, బండి కాలి మీద పడి, కుంటుకుంటూ దొరికిపోయాడు. ఆర్నెల్లు జైలు.

"మళ్ళీ దొరికారంటే పుట్టింటికి పోతాను. ఇక రాను," అని తేల్చి చెప్పింది సూర్యకళ. అన్నంత పనీ చేసే మనిషి. పెళ్ళాం లేని ఇల్లు తల్చుకుంటేనే దుర్గాసాయికి ఏడుపొచ్చేది.

అందుకే సామర్లకోట వెళ్ళి, వెల్డింగ్ షాపు రమేష్ బాబుని ఇనప ర్యాంపు చెయ్యమన్నాడు.

"కొలతల్లేకుండా పని పట్టనండి," అన్నాడు రమేష్ బాబు.

సరేనని దుర్గాసాయి పెద్దాపురం వెళ్ళాడు. కామేశం మాస్టారింటికి తాళం, షెడ్డులో బుల్లెట్టు. పక్కింటి అచ్చాయమ్మకి మెకానిక్‌నని చెప్పుకుని, టేపు పెట్టి చక్రాలూ సైలెన్సరూ కొలుచుకొచ్చాడు.

"బండి ఉన్న చోటు?" అన్నాడు రమేష్ బాబు. "ఎత్తుపల్లాలు తెలియాలి కదండీ."

"పెద్దాపురంలో కామేశం మాస్టారి షెడ్డండి. గేటు ముందు మురుక్కాలువ, దాని మీద బండ."

"తొయ్యడానికి ఇంట్లో మనుషులున్నారా?"

"లేరండి. అందరూ కాశీ వెళ్ళారు. వచ్చేలోగా సర్వీసింగ్ చేయించి పెట్టమన్నారు."

"హ్యాండిల్ లాకు?"

"వేసే ఉందండి. తాళంచెవి కూడా కాశీ వెళ్ళిపోయింది."

రమేష్ బాబు నవ్వలేదు, శ్రద్ధగా రాసుకున్నాడు. "వేన్ ఇక్కడే వదిలెళ్ళండి. ఎత్తు సరిచూడాలి. శుక్రవారం భోజనాలయ్యాక రండి."

శుక్రవారం ర్యాంపు చూసి దుర్గాసాయి మురిసిపోయాడు. చక్రం జారకుండా గరుకు రేకు, పక్కలకి అంచులు, లాకు పడ్డ ముందు చక్రం కింద పెట్టడానికి బుల్లి చక్రాల పీట కూడా. కొత్త రంగు మీద టైరు గుర్తులున్నాయి.

"పొద్దున ట్రయల్ చూశానండి. పల్లకీ ఎక్కినట్టు ఎక్కింది," అన్నాడు రమేష్ బాబు.

ఇంత నిజాయితీగా పని చేసేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు! దుర్గాసాయికి అతని చేతులు కళ్ళకద్దుకోవాలనిపించింది.

పెద్దాపురంలో అందరూ భోంచేసి నడుం వాల్చే వేళ. వీధిలో నరపురుగు లేదు. దుర్గాసాయి వేన్ ఆపి, ర్యాంపు దించి, గేటు తీసి లోపలికి నడిచాడు.

షెడ్డు ఖాళీగా ఉంది.

అతను షెడ్డు వెనక్కి కూడా వెళ్ళి వెతుకుతుంటే, గోడ మీంచి అచ్చాయమ్మ పలకరించింది.

"మళ్ళీ వచ్చారేంటండీ? పొద్దున్నే మీ మనిషి ఇదే వేన్‌లో, ఇదే ర్యాంపు మీద బండి ఎక్కించుకెళ్ళాడుగా, నేనూ ఓ చెయ్యి వేశాను. దుర్గాసాయి గారు పంపారన్నాడు. మీ పేరూ వేన్ నెంబరూ మాస్టారికి వెంటనే ఫోన్లో చెప్పేశాను గానీ, పాపం ఆయనకి మీరెవరో ఎంతకీ గుర్తు రాలేదండీ!"