ఆగకూడని మర

ఆయుధపూజ నాడు రైసుమిల్లులో యంత్రాలన్నిటినీ ఆపి బొట్లు పెడతారు. యజమాని శరభయ్య రాత్రింబవళ్లు ఆడే మరను ఆపాడో లేదో, కొబ్బరికాయ కొట్టబోతున్న కోదండం గుండె పట్టుకుని కూలబడ్డాడు.

కోదండం భార్య హైమావతికి సంగతి వెంటనే తట్టింది. ఊళ్లోని యంత్రాల్లో ఒకేలాంటి కోడ్ ఎక్కడెక్కడుందో పట్టుకుని, ఒక్కటి ఉంచి మిగతావి తీసేయడం ఆమె ఉద్యోగం. మరను లయ తప్పకుండా నడిపే కోడూ, భర్త గుండెను ఆడించే పేస్‌మేకర్‌లోని కోడూ అక్షరం తేడా లేకుండా ఒకటేనని మొన్న తనే పట్టుకుని మురిసిపోయింది. పాతదని మరలోదే ఉంచింది. అప్పట్నుంచి పేస్‌మేకర్ కూడా దాన్నే వాడుకుంటోంది.

"బాబాయ్, మర వెయ్యండి!"

"పూజ కాకుండానా? అపచారం తల్లీ!"

"మీ కాళ్లు పట్టుకుంటాను, వెయ్యండి!"

శరభయ్య బెదిరిపోయి స్విచ్ వేశాడు. మర గడగడలాడింది. కోదండం గట్టిగా ఊపిరి పీల్చుకుని కళ్లు తెరిచాడు. హైమావతి నడుస్తున్న మరకే బొట్టు పెట్టింది.

"ఇక దీన్ని ఎప్పుడూ ఆపకండి బాబాయ్."

శరభయ్య నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"నేను ఆపనమ్మా. మరి కరెంటు పోతేనో?"