పరీక్షకు జత

“కొలీగ్ అంటే భార్యేగా అమ్మా?”

పెద్దాయన అడిగిన తీరుకి క్లాసంతా గొల్లుమంది.

ఆయనకు జతగా ఎదురుగా కూర్చున్న ఆయమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

“కాదండీ. కొలీగ్ అంటే మనతో పాటు ఉద్యోగం చేసే మనిషి. భార్యనైతే వైఫ్ అంటారు. స్పౌజ్ అని కూడా అనొచ్చు.”

“తెలుగులో చెప్తే ఎలా? ఇంగ్లీషులో చెప్పు.”

తడుముకుంటూ చెప్పింది.

“మళ్ళీ చెప్పమ్మా.”

మళ్ళీ చెప్పింది. ఆయనకు ఆ క్లాసులో ‘మళ్ళీచెప్పు తాతగారు’ అని పేరు పడింది అందుకే.

ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే సాయంత్రపు క్లాసు అది. ఆమె ఆసుపత్రిలో ఆయా. భర్త పోయాడు. ఆమె రాత్రి డ్యూటీకి వెళ్తే ఆరేళ్ళ కూతురు పక్కింట్లో పడుకుంటుంది. “ఇవాళైనా ఇంట్లో ఉంటావా అమ్మా?” అని రోజూ అడుగుతుంది.

ఆసుపత్రి రిసెప్షన్‌లో పగటి ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఇంగ్లీషు పరీక్ష పాసైతే ఆమెకే ఇస్తామన్నారు.

ఆ పరీక్షకో పద్ధతి ఉంది. ఒక్కరే వెళ్ళకూడదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. పరీక్షాధికారి పక్కన కూర్చుని వింటూ మార్కులు వేస్తాడు.

ఆమె చేరేసరికే అందరికీ జతలు కుదిరిపోయాయి. నోరు పెగలని మనిషి పక్కన కూర్చోవడానికి ఎవరు ముందుకొస్తారు? ఆఖర్న వచ్చి చేరిన ఈ పెద్దాయనే ఆమెకు మిగిలాడు.

బోర్డు మీద టీచరమ్మ రాసిన మాటలన్నీ మనిషికి తోడుండేవాళ్ళ గురించినవే.

“పార్ట్‌నర్‌కీ కంపానియన్‌కీ తేడా ఏంటమ్మా?”

“పార్ట్‌నర్‌తో ఏదో ఒక పని ఉంటుందండీ. కలిసి వ్యాపారం చేస్తారు, కలిసి ఆడతారు. కంపానియన్‌తో పనేం ఉండక్కర్లేదు. ఊరికే పక్కనుంటే చాలు.”

“మరి స్పౌజ్ పోయాక కూడా స్పౌజేనా?”

ఆమె చూపు బోర్డు మీదికి తిప్పుకుంది.

“టీచరమ్మని అడగండి,” అంది.

“నీకు తెలిసింది చెప్పు. ఇంగ్లీషులోనే.”

చెప్పింది. భర్త వర్షంలో తడుస్తూ మందులు తెచ్చిన సంగతి, కూతురికి జడ వేయబోయి చిక్కులు పెట్టిన సంగతి. తప్పులు దొర్లాయో లేదో ఆమె చూసుకోలేదు. ఆగినచోటల్లా పెద్దాయన తొందరపెట్టకుండా ఆమె ముఖం వంకే చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చాక మాత్రం మళ్ళీ అదే దిగులు. కొలీగ్‌కి అర్థం తెలియని మనిషిని వెంటబెట్టుకుని పరీక్ష ఎలా గట్టెక్కేది?

పరీక్ష రోజు వాళ్ళ క్లాసులోని బ్యాంకు గుమాస్తా ఒకడు ఆమె దగ్గరకొచ్చాడు. అతని ఇంగ్లీషు గడగడా సాగిపోతుంది. అతని జతగాడికి జ్వరం.

“అక్కా, నాతో వచ్చేయండి. ఆ తాతగారితో వెళ్తే ఇద్దరూ గోవిందా!”

ఆమె టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ ఏదో చెప్పబోయి పెద్దాయన వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తలూపాడు.

“వెళ్ళిరా అమ్మా. నాకేమైనా ఉద్యోగమా సద్యోగమా?” అన్నాడు నవ్వుతూ.

ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ ఇంట్లో పిల్ల గుర్తొచ్చింది. అలాంటప్పుడు తల్లిని తప్పుపట్టడం ఎవరి తరం? దేవుడికి దణ్ణం పెట్టుకుని గుమాస్తా వెనకే లోపలికి నడిచింది.

“మీకు తోడుగా నిలిచిన ఒక మనిషి గురించి మాట్లాడుకోండి,” అన్నాడు పరీక్షాధికారి.

ఆమె ప్రాణం లేచొచ్చింది. అది ఆమెకొచ్చిన సంగతే.

గుమాస్తా మొదలుపెట్టాడు. బ్యాంకులో కొలీగ్స్, క్యారమ్స్‌లో పార్ట్‌నర్, ప్రయాణాల్లో కంపానియన్... ఆమె పెదవి విప్పేలోగా ఇంకో వాక్యం అందుకుంటున్నాడు. అతను ఊపిరి పీల్చుకునే సందు కోసం ఆమె కాచుకుని కూర్చుంది. చివరికి ఆమె వంతు కూడా అతనే చెప్పేశాడు.

“దిస్ లేడీస్ కంపానియన్ ఈజ్ హర్ హస్బెండ్!”

ఆమె దాచుకున్న నాలుగు మాటలూ లోపలే ఉండిపోయాయి.

గంట మోగింది.

గుమాస్తా పాసయ్యాడు.

“మీరు మాట్లాడితే కదమ్మా నేను మార్కులు వేసేది?” అన్నాడు పరీక్షాధికారి, జాలిగానే.

మళ్ళీ పరీక్ష వచ్చే ఏడాదే. అందాకా ఆ ఉద్యోగం ఆగదు.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. వరండాలో టీచరమ్మ ఒక్కతే ఉంది.

“తాతగారేరీ మేడం?”

“వెళ్ళిపోయారమ్మా.”

“నా స్వార్థానికి ఆయన పరీక్ష కూడా పోయింది. కాళ్ళు పట్టుకుని క్షమించమని అడుగుతాను. ఇల్లెక్కడ?”

టీచరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. పెట్టుకోలేదు.

“ఆయనకి ఆ పరీక్షతో పనే లేదమ్మా. పొద్దున చెప్పేద్దామనుకున్నాను. ఆయనెవరో తెలిస్తే ఆయన ముందు నీకు అసలు నోరే పెగలదని, చెప్పొద్దని నా దగ్గర ముందే మాట తీసుకున్నారు.”

“ఎవరు మేడం ఆయన?”

“నాకు ఇంగ్లీషు నేర్పిన మాష్టారు. నీకు జత కుదరలేదని నేనే బతిమాలితే, నీ చేత మాట్లాడించడానికి ఏమీ రానివాడిలా వచ్చి కూర్చున్నారు.”